కొమ్ము పురుగు బకెట్ కొనాలా వద్దా? ఉద్దానం నుంచి ఒక రివ్యూ

అయిదుకి మూడున్నర. ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే కింద రాసింది కాస్త పెద్దదే, చదివే ఓపిక లేనివాళ్లు ఆ అంకె పట్టుకుని వెళ్లిపోవచ్చు. కాకపోతే ఈ మూడున్నర బకెట్‌కి ఇచ్చిన మార్కు. అది అమ్మేటప్పుడు షాపులో చెప్పే మాటలకి కాదు. వాటికి విడిగా మార్కులు వెయ్యమంటే సున్నా వేసి ఊరుకుంటాను.

వస్తువు ఏంటంటే, కొబ్బరిలో కొమ్ము పురుగుని పట్టే లింగాకర్షక బుట్ట. మా వైపు ఆ పేరు ఎవరూ అనరు, పురుగు బకెట్ అంటారు. కంచిలి, కవిటి, సోంపేట రోడ్ల మీద ఎరువుల షాపుల ముందు వరసగా వేలాడుతుంటాయి, మీరు చూసే ఉంటారు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఒకే అచ్చులో పోసిన బకెట్‌ని రకరకాల లేబుళ్లు అంటించి అమ్ముతున్నారు, లోపలి సరుకులో నాకు తేడా ఏమీ కనిపించలేదు. నేను కొన్నప్పుడు సెట్టు 350 రూపాయలు, లూర్ (పురుగుని రప్పించే వాసన మందు) ఒక్కటే కావాలంటే 120. బేరం ఆడితే ఇరవయ్యో ముప్ఫయ్యో తగ్గిస్తారు.

సెట్టులో ఒక ప్లాస్టిక్ బకెట్, దాని మీద ఒకదానికొకటి అడ్డంగా నిలబెట్టే రెండు రేకులు, మధ్యలో గరాటు, వేలాడదీసుకోవడానికి తీగ, వెండి రంగు కవర్లో లూర్ ఉంటాయి. రాత్రి పూట ఆ వాసనకి ఎగిరొచ్చిన పురుగు రేకులకి గుద్దుకుని గరాటులోంచి కిందకి జారిపోతుంది. అడుగున కాస్త సబ్బు నీళ్లు పోసి ఉంచితే ఇక పైకి రాలేదు. లూర్‌లో ఉండేది మగ కొమ్ము పురుగు వదిలే వాసన లాంటిదే, ఫ్యాక్టరీలో చేసినది, రసాయనం పేరు ఇథైల్ 4-మిథైల్ ఆక్టనోయేట్ అని కవరు మీద రాసి ఉంటుంది. ఈ వాసనకి ఆడవీ మగవీ రెండూ వస్తాయి, మామూలుగా ఆడవే కాస్త ఎక్కువ పడతాయి, గుడ్లు పెట్టేవి అవే కాబట్టి మనకి మంచిదే. మందు కొట్టక్కర్లేదు, తేనెటీగలకి హాని లేదు, కాయలోకి ఏమీ దిగదు. ఇంతవరకు వస్తువు మీద నాకు ఫిర్యాదు లేదు.

పనిచేస్తుందా అంటే, చేస్తుంది. తొలకరి పడిన వారం నుంచి పురుగులు బాగా పడ్డాయి. నల్లగా, బొటనవేలంత లావున, నెత్తి మీద కొమ్ముతో ఉన్నవి పొద్దున్నే బకెట్‌లో ఈదుతుంటే ఎవరికైనా సంతోషంగానే ఉంటుంది. ఇంట్లో పిల్లలకి చూపించాం, ఫోటోలు తీశాం. పక్క తోట మావ మాత్రం బకెట్‌లోకి తొంగి చూసి, "సంబరపడిపోకు బావూ. పడినవి లెక్కెడతన్నావు, పడనివి ఎక్కడ పుడతన్నాయో చూసినావా? ముందల మీ గెత్తం కుప్ప తిరగెయ్యి" అన్నాడు. గెత్తం కుప్ప అంటే పెంటపోగు. ఆయన నలభై ఏళ్ల నుంచి కొబ్బరి చేస్తున్నాడు, ఒక్క బకెట్ కూడా కొనలేదు, ఆయన చెట్ల మొవ్వులు (చెట్టు తలలో చిగురు వచ్చే చోటు) నా చెట్ల కన్నా శుభ్రంగా ఉంటాయి. అందుకే ఈ రివ్యూలో సగం బకెట్ గురించి, సగం ఆయన లాంటివాళ్లకి తెలిసిన పని గురించి. రెండూ కలిపి చూడకపోతే ఈ 350 రూపాయలు దేనికి ఖర్చు పెడుతున్నామో అర్థం కాదు.

అసలు ఈ బకెట్ అవసరం మాకు ఇంతగా ఎందుకు వచ్చిందో బయటివాళ్లకి చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా మీద పడింది. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఎటు చూసినా కూలిన చెట్లే, లక్షల్లో పోయాయి. తాతల నాటి తోటలు ఒక్క రాత్రిలో నేలమట్టం అయ్యాయి. ఆ దుంగలన్నీ ఎవరు ఎత్తుతారు, ఎక్కడికి తీసుకెళ్తారు? కొన్ని కాల్చారు, కొన్ని అమ్మారు, చాలావరకు తోటల్లోనే పడి కుళ్లాయి. కొమ్ము పురుగుకి అంతకన్నా ఏం కావాలి. అది గుడ్లు పెట్టేది మాగిన పెంటలోనూ కుళ్లిన కొబ్బరి మొద్దులోనూ. ఒక్క ఆడ పురుగు తన జీవితంలో వంద దాటి గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగు నాలుగైదు నెలలు ఆ కుళ్లులోనే తిని బలుస్తుంది. మరోపక్క అందరం కొత్త మొక్కలు పెట్టాం. ముదురు చెట్టుని కొమ్ము పురుగు తింటే కాపు తగ్గుతుంది గానీ చెట్టు బతుకుతుంది. చిన్న మొక్క మొవ్వులోకి దిగి చిగురు మొదలు కొరికిందంటే మొక్కే పోతుంది. పుట్టడానికి కావలసినంత చోటు, తినడానికి కావలసినన్ని లేత మొక్కలు, రెండూ ఒకేసారి దొరికాయి దానికి. షాపుల ముందు బకెట్లు వేలాడటం వెనక ఉన్న కథ ఇది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. కొమ్ము పురుగు తిన్న చెట్టుని ఎవరైనా గుర్తుపడతారు, విచ్చుకున్న ఆకు కత్తెరతో కోసినట్టు రెండు వైపులా సమానంగా తెగి విసనకర్రలా ఉంటుంది. చాలామంది అది చూసి కంగారుపడి షాపుకి పరిగెడతారు. కానీ ఆ ఆకు విచ్చుకోక ముందు మొవ్వులో మడిచి ఉన్నప్పుడు పురుగు దాన్ని తొలుచుకుంటూ వెళ్లింది, విచ్చుకున్నాక ఆ బొక్కే కోతలా కనిపిస్తుంది. అంటే మనం ఇవాళ చూసే కోత ఒకటి రెండు నెలల కిందటిది. ఆ పురుగు తిని వెళ్లిపోయి ఎక్కడో గుడ్లు కూడా పెట్టేసి ఉంటుంది. ఆకుని చూసి మందు వెయ్యడం అంటే పాత కబురుకి జవాబు రాయడమే. బకెట్ ఒక్కటే ఈ రాత్రి తోటలో ఎగురుతున్నవి ఉన్నాయో లేవో చెబుతుంది. నా మూడున్నర మార్కుల్లో ఎక్కువ భాగం దీనికే. బకెట్ కరెంటు మీటరు లాంటిది, ఎంత కాలుతోందో చూపిస్తుంది, దాన్ని చూసి స్విచ్ ఆపాల్సింది మనమే.

మరి ఆపడం ఎలా? దీనికి షాపులో దొరికేది పెద్దగా ఏమీ లేదు, అందుకే ఎవరూ చెప్పరు.

ఒకటి, ఇనుప చువ్వ. కమ్మరి దగ్గర చేయించుకున్నది, రెండడుగుల పొడవు, కొసన గేలం లాగా వెనక్కి వంచిన ముల్లు. మా దగ్గర దాదాపు ప్రతి పాత రైతు ఇంట్లో చూరులో దోపి ఉంటుంది. వాడటం చూడాలి మీరు. ముందు మొవ్వు చుట్టూ మట్ట సందుల్లో చూస్తారు, ఎక్కడైనా నమిలిన పీచు బయటికి తోసి ఉందా అని. ఆ పీచు తడిగా, తాజాగా ఉంటే పురుగు లోపలే ఉంది, ఎండి రంగు మారి ఉంటే వెళ్లిపోయింది. తడిగా ఉంటే చువ్వ బొక్కలోకి నెమ్మదిగా పోనిచ్చి, మెత్తగా తగిలిన చోట గుచ్చి, కాస్త తిప్పి లాగుతారు. తిప్పకుండా లాగితే పురుగు జారిపోతుంది, గట్టిగా పొడిస్తే చిగురుకే దెబ్బ. పుస్తకంలో చదివితే వచ్చే పని కాదిది, చెయ్యి తిరిగిన మనిషి పక్కన నిలబడి నేర్చుకోవాలి. చిన్న మొక్కలకి నేల మీద నిలబడే చెయ్యొచ్చు. పెద్ద చెట్లకి దింపు తీయడానికి, అంటే కాయలు కోయడానికి, ఎక్కినప్పుడే ఆ మనిషికి చువ్వ ఇచ్చి, చెట్టుకి కొంత పైన ఇస్తామని ముందే మాట్లాడుకోవాలి, మధ్యలో అడిగితే మొక్కుబడిగా చేసి దిగిపోతారు. అందులో తప్పు వాళ్లది కూడా కాదు, రోజుకి ఇన్ని చెట్లు అని లెక్క పెట్టుకుని వస్తారు.

పురుగు తీసిన బొక్కని అలా వదలకూడదు. వేపపిండి, ఇసుక సమానంగా కలిపి అందులో కూరాలి. పురుగు లేకపోయినా మొవ్వు చుట్టూ ఉన్న పై మూడు మట్టల మొదళ్లలో ఇదే మిశ్రమం పోస్తారు. చెట్టుకి పావుకిలో వేపపిండి, అంతే ఇసుక, ఏడాదికి మూడు సార్లు. ఇసుక ఎందుకంటే పురుగు మెడ కీళ్లలోకి దూరి దాన్ని కదలనివ్వదని మావ చెబుతాడు, ఏది ఏమైనా పని మాత్రం చేస్తుంది. చిన్న మొక్కలకి కొందరు బట్టల్లో పెట్టుకునే నాఫ్తలీన్ గోళీలు మూడో నాలుగో మట్ట సందుల్లో పెట్టి పైన ఇసుక కప్పుతారు, నెలన్నరకి ఒకసారి మార్చాలి. ఒకప్పుడు ఇదే చోట ఫోరేట్ అనే ఘాటు పురుగుమందు గుళికలు చిన్న పొట్లాల్లో కట్టి పెట్టేవాళ్లు. దాన్ని 2020 డిసెంబరు 31 నుంచి దేశమంతా నిషేధించారు, అయినా ఇప్పటికీ "పాత స్టాకు ఉంది, కావాలా" అని అడిగేవాళ్లు ఉన్నారు. తీసుకోకండి. పిల్లలు తిరిగే పెరట్లో, తల ఎత్తు కూడా లేని మొక్కల్లో పెట్టే వస్తువా అది.

మా తీరం వాళ్లకి ఇంకో సదుపాయం ఉంది. బారువ, ఇద్దివానిపాలెం వైపు వేటకెళ్లేవాళ్ల దగ్గర చిరిగిన నైలాన్ వలలు ఊరికే పడి ఉంటాయి. వాటిని ముక్కలు చేసి లేత చెట్ల మట్ట సందుల్లో వదులుగా కుక్కితే, మొవ్వులోకి దిగబోయిన పురుగు కాళ్లు అందులో చిక్కుకుని అక్కడే ఎండిపోతుంది. కేరళ వైపు పరిశోధన చేసేవాళ్లు కూడా దీన్ని సిఫార్సు చేస్తున్నారు. ఖర్చు సున్నా. ఒక్క జాగ్రత్త, చెట్టు పెరిగే కొద్దీ పాత ముక్కలు తీసేసి కొత్త సందుల్లోకి మార్చాలి, లేకపోతే ఆ నైలాన్ మట్టల్లో ఇరుక్కుని చెత్తగా మిగులుతుంది, పక్షులు కూడా చిక్కుకుంటాయి. 350 రూపాయల బకెట్‌తో పోల్చి చూస్తే చిన్న మొక్కలకి ఈ వల ముక్కే నాకు ఎక్కువ నచ్చింది.

ఇక మావ అడిగిన గెత్తం కుప్ప. ఇది అందరికీ తెలిసి ఎవరూ చెయ్యని పని. పెంటపోగు తిరగేస్తే తెల్లగా, లావుగా, వంకీ తిరిగి పడుకున్న పిల్ల పురుగులు కనిపిస్తాయి. ఒక్క కుప్పలోంచి తీసినన్ని, బకెట్‌లో సీజను మొత్తం పడవు. ఎండాకాలం చివర్లో తిరగేసి పరిస్తే సగం పని కోళ్లు, గోరింకలు చూసుకుంటాయి. మిగతా దానికి మెటారైజియం అనే పచ్చ బూజు పొడి దొరుకుతుంది, నీళ్లలో కలిపి కుప్ప మీద పోయాలి. ఎంత కలపాలో ప్యాకెట్ మీద ఉంటుంది, ఆ లెక్క పాటించండి. ఇది సజీవమైన బూజు, కుప్ప తడిగా ఉంటేనే బతుకుతుంది, మే ఎండలో ఎండిపోయిన పెంట మీద చల్లి పని చెయ్యలేదంటే ఎలా. పట్టిన పిల్ల పురుగు ముందు గట్టిపడి, తర్వాత పైన ఆకుపచ్చ బూజు కమ్ముకుంటుంది, అలాంటివి కుప్పలో నాలుగు కనిపించాయంటే మందు పట్టిందని నమ్మొచ్చు. ఈ పొడి మంచిది ఎక్కడ దొరుకుతుందో ఆముదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగి తెలుసుకోండి. షాపు అలమరలో ఎండ తగిలే చోట ఏడాది నుంచి పడున్న ప్యాకెట్ కొనడం కంటే ఊరుకోవడం నయం.

ఈ సంగతి లూర్‌కీ వర్తిస్తుంది, ఇక్కడే షాపు మీద నా కోపం. లూర్‌ని చల్లగా ఉంచాలి, ఇంట్లో అయితే ఫ్రిజ్‌లో. నేను కొన్న షాపులో (పేరు ఎందుకులెండి) రేకుల కప్పు కింద, మేకుకి గుత్తిగా తగిలించి ఉన్నాయి. తయారీ తేదీ అడిగితే "అవన్నీ కొత్తవే సార్" అన్నారు. తేదీ చూసుకుని తీసుకోండి, కవరు ఉబ్బినా చినిగినా వద్దనండి. ఆ తర్వాత ఎన్ని పెట్టాలి అని అడిగితే ఎకరానికి నాలుగు అన్నారు, రెండెకరాలకి ఎనిమిది అంటగట్టబోయారు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు రెండు హెక్టార్లకి ఒకటి చాలంటున్నారు, అంటే సుమారు అయిదెకరాలకి ఒకటి. మా ఊళ్లో అయిదెకరాలు ఉన్నవాళ్లు ఎంతమంది? అందుకే ఇది పక్కపక్కన ఉన్న నలుగురు కలిసి కొనాల్సిన వస్తువు. ఒక్కడే తన అరెకరంలో నాలుగు కట్టాడంటే చుట్టుపక్కల పురుగులన్నిటికీ తన తోటకి దారి చూపించినట్టే, వచ్చినవన్నీ బకెట్‌లోనే పడాలని రూలేమీ లేదు కదా, కొన్ని దారిలో మొక్క మీద దిగుతాయి.

పెట్టే చోటు విషయంలోనూ అంతే. షాపు కుర్రాడు ఫోన్లో చూపించిన వీడియోలో కొత్తగా నాటిన మొక్కల మధ్యలో కర్ర పాతి బకెట్ కట్టారు. అలా వద్దు. లేత మొక్కలకి దూరంగా, తోట గట్టు మీద, వీలైతే పెంటపోగు వైపు, నీడలో కట్టండి. ఎండ నేరుగా తగిలితే లూర్ త్వరగా అయిపోతుంది, రెండు మూడు నెలలు రావాల్సింది నెలకే ఖాళీ. లూర్ మార్చేటప్పుడు చేతికి కవరు తొడుక్కోండి, ఆ వాసన ఒంటికి పట్టి సాయంత్రం అరుగు మీద కూర్చుంటే మీ మీదే వాలినా ఆశ్చర్యం లేదు.

బకెట్ నాణ్యత మామూలే. తీగ మన ఉప్పుగాలికి ఒక్క వానాకాలంలోనే తుప్పు పట్టింది, దాని బదులు నైలాన్ తాడు కట్టాను. రేకులు పలచన, ఒక గాలివానకి ఒకటి పగిలింది. పాత పెయింట్ డబ్బా మూత కోసి ఆ స్థానంలో పెట్టాను, పురుగులకి తేడా తెలియలేదు. అన్నిటికన్నా చిరాకు పెట్టేది వాన నీళ్లు. బకెట్ పక్కన పైభాగంలో చిన్న కన్నాలు లేకపోతే నిండి పొంగి, పడిన పురుగులు తేలి బయటికి పోతాయి. కొన్న రోజే సన్న మేకు వేడిచేసి అంచుకి బెత్తెడు కింద నాలుగు కన్నాలు పెట్టండి. కంపెనీ వాడు ఈ పని తనే చేసి పంపొచ్చు, చెయ్యడు. తెలుగులో ఒక్క కాగితం ముక్క కూడా లేదు పెట్టెలో. హిందీ, ఇంగ్లీషు, ఇంకేదో లిపి ఉన్నాయి.

ఎర్రముక్కు పురుగుకి ఇంకో బకెట్ అమ్ముతారు, దాని గురించి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నా. అది వేరు, లూర్ వేరు, ఒకదాని లూర్ ఇంకోదానికి పనికిరాదు, రెండూ ఒకే బకెట్‌లో కట్టేస్తే సరి అని చెప్పే షాపులు ఉన్నాయి, నమ్మకండి. ఎర్రముక్కు బకెట్‌కి పక్కల కిటికీల్లాగా కోసి ఉంటుంది, బయట గోనెగుడ్డ చుట్టాలి, ఎందుకంటే ఆ పురుగు వాలి పాక్కుంటూ లోపలికి వెళ్తుంది, నున్నటి ప్లాస్టిక్ మీద జారిపోతుంది. లూర్ ఒక్కటే చాలదు, లోపల చెరకు ముక్కలో, అరటిపండో, కల్లో పులియబెట్టి ఉంచాలి, వారం పది రోజులకి మార్చాలి. ఇక్కడ నా సలహా ఒకటి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎలుగుబంట్లు తిరిగే ఊళ్లవాళ్లు ఈ పులిసిన పండు వాసనొచ్చే బకెట్‌ని ఇంటికి దగ్గర్లో కట్టుకోవద్దు. పనసకీ జీడిపండుకీ వచ్చే జంతువు దీనికి రాదని ఎవరు పూచీ ఇస్తారు. ఈ బకెట్‌కి నేను రెండున్నర కంటే ఎక్కువ ఇవ్వను. పని చెయ్యదని కాదు, దీని చాకిరీ వారం వారం చేసేవాళ్లు తక్కువ, ఎర వెయ్యని బకెట్ కట్టుకుని ధీమాగా ఉండటం అసలు లేకపోవడం కంటే ప్రమాదం.

ఎందుకంటే కొమ్ము పురుగు చెట్టుని తింటుంది, ఎర్రముక్కు పురుగు చెట్టునే తీసుకుపోతుంది. కాండం లోపల పిల్ల పురుగులు తింటూ ఉంటే బయటికి ఏమీ తెలియదు, నడి ఆకులు పసుపెక్కి మొవ్వు వాలిపోయేసరికి చేసేదేమీ ఉండదు. తెలిసినవాళ్లు ముందే పసిగడతారు. మాను మీద చిన్న కన్నం, అందులోంచి ఎర్రటి జిగురు కారడం, నమిలిన పీచు రాలడం. మావ అయితే సాయంత్రం సందడి తగ్గాక మానుకి చెవి ఆనించి వింటాడు, లోపల నములుతున్న చప్పుడు వినిపిస్తుంది, నేనూ విన్నాను, ఒకసారి విన్నాక మర్చిపోలేం. ఈ పురుగు గాయం వాసన పట్టుకుని వస్తుంది. కొమ్ము పురుగు చేసిన బొక్క, తుపానుకి విరిగిన మట్ట, ఎక్కడానికి మాను మీద చెక్కిన మెట్లు, ఫ్లెక్సీ కట్టడానికి కొట్టిన మేకు, అన్నీ దానికి తలుపులే. పచ్చి మట్ట నరకాల్సి వస్తే మొదట్లో నరక్కుండా మానుకి మూడు నాలుగడుగుల దూరంలో నరకాలి, గాయం అయిన చోట తారు పూయాలి. దింపువాళ్లకి ఇది చెప్పి చేయించుకుంటే బకెట్ ఖర్చు మిగులుతుంది. అంతెందుకు, కొమ్ము పురుగుని చువ్వతో తీసి బొక్క పూడ్చడమే ఎర్రముక్కు పురుగుకి సగం మందు.

ఈ బకెట్లు తెల్లదోమకి గానీ, నల్లికి గానీ, ఆకుని గీకి తినే నల్లతల పురుగుకి గానీ ఏమాత్రం పనికిరావు. చెప్పాల్సిన అవసరం ఏముంది అనుకోకండి, "ఇది కడితే కొబ్బరికి ఏ పురుగూ రాదు" అని నా ముందే ఒక పెద్దాయనకి అమ్మారు. తెల్లదోమ 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గర బయటపడి అక్కణ్ణుంచి పాకిన కొత్త సమస్య. ఆకు అడుగున సుడులు సుడులుగా తెల్లటి గుడ్లు, కింది ఆకుల మీద నల్లటి మసి, చూస్తే టెన్షన్ వస్తుంది నిజమే, కానీ కంగారుపడి ఘాటు మందులు కొడితే దాన్ని తినే ఎన్‌కార్సియా అనే సన్న కందిరీగ ముందు చస్తుంది, తెల్లదోమ తర్వాత రెట్టింపై వస్తుంది. మోటారు పెట్టి ఆకు అడుగుకి తగిలేలా నీళ్లు గట్టిగా కొట్టడం, పసుపు జిగురు అట్టలు, కోనసీమలో అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం వాళ్లు సిఫార్సు చేసే ఐసేరియా బూజు మందు, ఇవీ దానికి దారి. నల్లతల పురుగుకి కూడా అంబాజీపేటలో బదనికలు (ఆ పురుగుని చంపే సన్న కీటకాలు) పెంచుతారు. దాని కథ వేరే రాయాలి, ఇక్కడ ఇరికించను.

ఎవరు కొనాలి అంటారా. ఆరేడేళ్ల లోపు మొక్కలు ఉన్నవాళ్లు, ఉద్దానంలో అయినా అటు భోగాపురం, పూసపాటిరేగ వైపు అయినా, తొలకరికి ముందే నలుగురు కలిసి ఒకటి కొనండి, మే చివరికల్లా కట్టేయండి. బకెట్‌లో పురుగులు పడటం మొదలైన వారమే మొవ్వులు వెతికించి, చువ్వ పెట్టించి, వేపపిండి పోయించండి, అప్పుడు ఆ 350కి న్యాయం జరుగుతుంది. వెతికించే ఓపిక గానీ మనిషి గానీ లేకపోతే ఆ డబ్బుతో వేపపిండి కొనుక్కోండి. అన్నీ ముదురు చెట్లే, పెంటపోగు కూడా లేదు, కూలిన దుంగలు ఎత్తేశారు అనుకుంటే మీకు ఇది అక్కర్లేదు, దింపు తీసేటప్పుడు మొవ్వు శుభ్రం చేయించుకుంటే చాలు. కొనేటప్పుడు లూర్లు రెండు తీసుకోండి, సీజను మధ్యలో అడిగితే షాపులో ఉండవు. రెండోది కవరు చింపకుండా డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, మార్చాల్సిన తేదీ మార్కర్‌తో బకెట్ మీదే రాసేయండి.